కుట్టుపని చాలన్న పెద్దమనిషి

మొన్న మా మునిమనవరాలి బడిలో తల్లిదండ్రుల సమావేశం ఉందంటే, ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని చేసేదేముందని నేనూ వాళ్లతో మల్కాజ్‌గిరి వెళ్లాను. అక్కడ ఒక గది తలుపు మీద 'స్టూడెంట్ కౌన్సెలర్' అన్న పలక కనబడింది. పిల్లకు ఏ చదువు నప్పుతుందో ఈవిడే చెబుతుందని మా మనవరాలు ఉత్సాహంగా అంటుంటే, నేను మాత్రం ఆ గడప తొక్కనని చెప్పి బయట బల్ల మీదే కూర్చుండిపోయాను. ముసలితనపు చాదస్తమనుకున్నారు. చాదస్తం కాదది, కోపం. ఇన్నేళ్లయినా చల్లారని కోపం. ఆనాటి సికింద్రాబాదు ఎరిగినవారు ఇంకా ఎవరైనా ఉంటే, వారికి విడమరచి చెప్పనక్కర్లేదు.

మాది చిలకలగూడ. నాన్న రైల్వేలో గుమాస్తా. మా పక్కింట్లో ఒక ముస్లిం దర్జీ కుటుంబం ఉండేది. ఆయన్ని నేను చాచా అని పిలిచేదాన్ని. వాళ్లింట్లో మాటా మంతీ అంతా మాలాగే తెలుగు. బడిలోనేమో నిజాం రాజ్యపు పద్ధతి ప్రకారం లెక్కలు, చరిత్ర, అన్నీ ఉర్దూలో. చాచా కూతురూ నేనూ ఒకే తరగతి, ఒకే బల్ల. ఇంటి దగ్గర తెలుగులో కొట్లాడుకుని బడికి పోయాక ఉర్దూలో రాజీపడేవాళ్లం. నాకు లెక్కలంటే చలిజ్వరం వచ్చేది, ఆమెకు అవి ఆటలు. లెక్కలు చెప్పే ఉస్తానీ, అంటే మా టీచరమ్మ, తనకు గొంతు బాగాలేని రోజున సుద్దముక్క ఆమె చేతికిచ్చి తాను కుర్చీలో కూర్చునేది. పెద్దయ్యాక ఉస్తానీనే అవుతానని ఆమె ఎప్పుడూ అంటూండేది. నాకైతే అప్పటికి ఏమవాలన్న ఆలోచనే లేదు.

రజాకార్ల భయంతో బడి కొన్నాళ్లు మూతబడింది. తర్వాత పోలీస్ యాక్షన్ జరిగింది. సైన్యం వచ్చిందని మా ఇంట్లో ఊపిరి పీల్చుకుంటే, గోడకవతల ఊపిరి బిగబట్టుకున్నారు. చాచా బావమరిది సైకిళ్లు బాగుచేసుకుని బతికే మనిషి. రజాకారని ఎవరో చెబితే అతన్ని పట్టుకుపోయారు. నిన్నటిదాకా చాచా దగ్గర బట్టలు కుట్టించుకున్నవాళ్లే దుకాణం ముందు ముఖం తిప్పుకుని పోయేవారు. ఆయన తలుపు ఒక రెక్క మాత్రమే తెరిచి, ఆ కాస్త వెలుతురులో మిషను తొక్కుకునేవాడు.

బడి మళ్లీ తెరిచాక, ఇకమీదట పాఠాలు తెలుగులో, ఇంగ్లీషులో ఉంటాయన్నారు. ఎవరిని ఏ చదువులో వేయాలో చెప్పడానికి ఒక సలహాదారుగారు దిగారు. కోస్తా వైపు నుంచి వచ్చిన పెద్దమనిషి, ఇస్త్రీ నలగని తెల్లబట్టలు, నోట్లో ఎప్పుడూ వక్కపలుకు. పెద్ద టీచరమ్మ తన కుర్చీ ఆయనకిచ్చి తాను గోడవారగా నిలబడింది. తండ్రులతో సహా పిల్లల్ని ఒక్కొక్కరినీ పిలిచి, ముఖం చూసి, తండ్రి చేసే పని అడిగి, భవిష్యత్తు తేల్చేస్తున్నాడు. చాచా తర్వాత మా వంతే కాబట్టి నేనూ నాన్నా ఆ గది గుమ్మంలోనే నిలబడి ఉన్నాం.

"దర్జీనా? అయితే అమ్మాయిని కుట్టుపని తరగతిలో వేసేద్దాం. తెలుగు చదువు మీవాళ్లకు బరువవుతుంది," అన్నాడాయన, తలెత్తకుండానే.

నా స్నేహితురాలు తండ్రి వెనక నుంచి ముందుకొచ్చింది.

"నాకు తెలుగొస్తది సార్. లెక్కలు ఏ భాషల జెప్పినా జేస్త. జెర అడిగి చూడుండ్రి."

ఆయన అడగలేదు. నవ్వాడు. పెద్ద టీచరమ్మ వైపు తిరిగి, "ఇదీ తెలుగేనా అండీ?" అన్నాడు. ఆవిడ కూడా నవ్వింది. ఉస్తానీ ఒక మూల నిలబడి నేల చూపులు చూస్తోంది. పాపం, ఆమె ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఆమెకే తెలియదు.

మా నాన్న ఉండబట్టలేక లోపలికి నడిచాడు. "పిల్ల అడిగిన దానికి ముందు జవాబు చెప్పుండ్రి సార్. మేం సుత గిదే తెలుగు మాట్లాడుతం," అన్నాడు. సలహాదారుగారి ముఖం ఎర్రబడింది. ఇంకేం అనేవాడో గానీ, ఇంతలో చాచా మా నాన్న చెయ్యి పట్టుకున్నాడు. "వద్దన్నా. మా బామ్మర్ది ఇంకా వాపస్ రాలే. నా పేరు మీద లొల్లి వద్దు," అని మెల్లగా చెప్పి, ఆ పెద్దమనిషికి సలాం చేసి, "మీరెట్లంటే గట్లనే సాబ్," అన్నాడు. ఆ అమ్మాయి ఏడవలేదు. తండ్రి వెనకే మా పక్క నుంచి వెళ్లిపోయింది.

నన్ను మాత్రం ఒక్క ప్రశ్నా వేయకుండా పై తరగతికి పంపించాడు. గుమాస్తా కూతుర్ని కదా.

ఆ తర్వాత కొన్నాళ్లు సాయంత్రాలు నా పుస్తకాలు పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లేదాన్ని. మిషను తొక్కుతూనే నాకు లెక్కలు చెప్పేది. ఒకరోజు మిషను ఆపి, "ఇగ తేకే. గివి చూస్తే నా పానం గుంజుతది," అంది. మరి తీసుకెళ్లలేదు. వాళ్ల మామ చెరసాల నుంచి చిక్కి శల్యమై తిరిగొచ్చాక, వాళ్లు మౌలాలికి మారిపోయారు. అక్కడే ఆమె పెళ్లి, పిల్లలు, మిషను.

నేను టీచరునయ్యాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సభకు, ఉపాధ్యాయులకు హితబోధ చేయడానికంటూ, పెద్ద పూలదండ వేసి ఎవరినో తీసుకొచ్చారు. ఆయనే. జుట్టు నెరిసింది గానీ ఆ వక్కపలుకు నమలడం అదే. ఎందరో ఆడపిల్లలకు తగిన దారి చూపించానని చెప్పుకుంటున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడి, చిలకలగూడ బడిలో దర్జీ కూతురు గుర్తుందా అని అడిగాను. గుర్తు లేదు. "అప్పటి పరిస్థితులు అలాంటివమ్మా," అన్నాడు నవ్వుతూ. "పరిస్థితులు కాదు, మీరే," అని అందరూ చూస్తుండగా బయటికొచ్చేశాను. సంజాయిషీ అడిగారు, బదిలీ కూడా చేశారు. లెక్కచేయలేదు.

ఆ ఆదివారమే మౌలాలి వెళ్లి జరిగిందంతా ఆమెకు చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. రవికె చేతికి అంచు కుడుతూ అంతా విని, దారం పంటితో తెంపింది.

"నీ కోపం నువ్వు దించుకున్నవు. నాదేడ దించుకోవాల్నే?" అంది.

ఆమె లేచి చాయ్ పెట్టింది, తాగి వచ్చేశాను. ఆ తర్వాత చివరిదాకా కలుసుకుంటూనే ఉన్నాం గానీ, ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు.

ఇప్పుడు కాలం మారింది. పిల్లను ఎదురుగా కూర్చోబెట్టి నీకేమిష్టమని అడుగుతున్నారట, నచ్చకపోతే తల్లిదండ్రులు గట్టిగానే నిలదీస్తున్నారట. మంచిదే. ఆ గదుల్లో కూర్చునేవాళ్లందరూ అలాంటివాళ్లు కారని నాకూ తెలుసు. కానీ ఎవరైనా ఒక పిల్ల గురించి ఇది చాలు అన్నారంటే ఇప్పటికీ నాకు రక్తం ఉడుకుతుంది. ఆ మాట పడ్డ మనిషి మాత్రం మౌలాలి గుట్ట కింద మట్టిలో కలిసిపోయింది. జీవితమంతా ఊళ్లోవాళ్ల బట్టలకు కొలతలు తీసి, ఒక్క తప్పు లేకుండా కుట్టి ఇచ్చింది. ఆమె దగ్గర లెక్కలు నేర్చుకోవాల్సిన పిల్లలకు, ఆమె స్థానంలో, లెక్కలంటే భయపడే నేను పాఠాలు చెప్పాను.