మల్లి ఒంటికి పూసిన నూనె

2011లో నా క్లినిక్ దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు వెనక సందులో ఉండేది. కుక్కలనూ పిల్లులనూ మాత్రమే చూసేదాన్ని. ఒకటే గది. మధ్యలో స్టీలు బల్ల, మూలన సింకు, కిటికీ దగ్గర మైక్రోస్కోపు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు డిపోలు దాటి రావడం లేదు. బొగ్గు గనుల్లో పని ఆగిపోవడంతో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో తెలిసేది కాదు. కోచింగ్ సెంటర్ల పిల్లలతో కిటకిటలాడే మా సందు సెలవు రోజులా ఉండేది. నేను మాత్రం షట్టర్ సగం దించుకుని లోపలే కూర్చునేదాన్ని. ఊరంతా బంద్ అయినా కుక్కలకు వాంతులు ఆగవు.

అలాంటి ఒక పొద్దున యాదగిరి, ఆయన భార్య పద్మ చంపాపేట్ నుంచి తమ కుక్కను తీసుకొచ్చారు. యాదగిరి సిటీ బస్సు కండక్టరు, సొంతూరు నల్లగొండ వైపు. సమ్మెలో ఉన్నాడు. కుక్క పేరు మల్లి. తెల్లటి పామరేనియన్, ఆరేడేళ్ల ఆడకుక్క. పేరుకు తగ్గట్టు పువ్వులా ఉండాల్సింది, నడుము మీద, తోక మొదట్లో బొచ్చు ఊడిపోయి గులాబీ రంగు చర్మం కనిపిస్తోంది. కాలెత్తి పక్కటెముకలు ఒకటే గోక్కుంటోంది.

బల్ల మీద పెట్టబోతూ ఆయన ఆగి, "మీది ఏ ఊరు మేడం?" అని అడిగాడు. ఆ రోజుల్లో ఆ ప్రశ్నకు జవాబు చెప్పేముందు ఆంధ్ర నుంచి వచ్చిన మాలాంటివాళ్లం ఒక క్షణం ఆలోచించేవాళ్లం. తెనాలి దగ్గర అని చెప్పాను. ఆయన తలూపి, "మా మల్లిని జర మంచిగ సూడుండ్రి" అంటూ కుక్కను నా చేతికిచ్చాడు.

గజ్జి అని ఎవరో చెప్పారట. స్కిన్ స్క్రేపింగ్ చేశాను. అంటే బ్లేడుతో చర్మాన్ని మెల్లగా గీకి, వచ్చిన పొడిని మైక్రోస్కోపు కింద చూడటం. గజ్జి పురుగులుంటే అందులో తెలిసిపోతాయి. ఏమీ లేవు. రక్తం పీల్చే గోమార్లు లేవు, ఫంగస్ మచ్చల్లేవు. తిండి మారిందా అంటే లేదన్నారు. చర్మం మాత్రం అట్టలా పొడిబారింది, లోపలి బొచ్చు ఇంకా తడిగానే ఉంది.

స్నానం ఎప్పుడు చేయించారని అడిగాను.

"పొద్దుగాల్నే పోసిన మేడం. దినాం పోస్తున్న" అన్నాడు యాదగిరి గర్వంగా. మనం వాడే సబ్బుతోనేనట, మురికి పోవాలని బ్రష్షుతో కూడా రుద్దుతున్నాడట.

పద్మ పక్కకు తిరిగి నవ్వు దాచుకుంది. సమ్మె మొదలైనప్పటి నుంచి ఇంట్లో సామానంతా కడిగేశాడనీ, ఫ్యాను రెక్కలు, కిటికీ ఊచలు అయిపోయాక మల్లి మీద పడ్డాడనీ చెప్పింది. పెళ్లయ్యాక ఇన్నాళ్లు ఆయన ఇంట్లో ఉండటం ఇదే మొదలట.

కుక్క చర్మం మన చర్మం కంటే పల్చన. మన సబ్బు దానికి పడదు, ఒంటి మీద ఉండే సహజమైన నూనెను కడిగేస్తుంది. పైగా పామరేనియన్‌కు బొచ్చు రెండు పొరలు. లోపలి పొర తడి ఆరకపోతే దురద మొదలవుతుంది. అది గోక్కుంటుంది, బొచ్చు ఊడుతుంది. ఇదంతా వివరించి, స్నానం ఆపేయమన్నాను. తగ్గాక కూడా నెలకోసారి, కుక్కల షాంపూతోనే చేయించాలనీ, బొచ్చు తిరిగి రావడానికి కొన్ని వారాలు పడుతుందనీ చెప్పాను. దురదకు మందు రాశాను. యాదగిరి అన్నీ విన్నాడు. వెళ్లేటప్పుడు మాత్రం మిగిలిన ఒక్క డ్యూటీ కూడా తీసేసినట్టు ఉంది ఆయన ముఖం.

తర్వాతి వారం మెయిన్ రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. సమ్మెలో ఉన్నవాళ్లంతా రోడ్డు మధ్యలోనే పొయ్యిలు పేర్చి, అక్కడే వండుకుని, అక్కడే తింటారు. పాటలు నా గదిలోకి వినిపిస్తున్నాయి. కరెంటు లేదు. షట్టర్ కింద నుంచి వంగి పద్మ లోపలికి వచ్చింది. ఆటోలు లేక చంపాపేట్ నుంచి నడిచే వచ్చిందట. ఒళ్లంతా చెమట. చేతుల్లో దుప్పటి, దుప్పట్లో మల్లి. తెల్లకుక్క నల్లగా ఉంది. గదంతా మెకానిక్ షెడ్డు వాసన.

కాలిన ఇంజన్ ఆయిల్. గజ్జికి అది పూస్తే ఒక్క పూతతో పోతుందని సమ్మె టెంటు దగ్గర ఎవరో చెబితే, యాదగిరి నిన్న సాయంత్రం ఒక మెకానిక్ దగ్గర తెచ్చి వీపంతా పూశాడు. రాత్రంతా మల్లి దాన్ని నాకింది. తెల్లారి ఆయన వంటావార్పుకు వెళ్లాక వాంతులు మొదలయ్యాయి. ఇప్పుడు నోట్లోంచి చొంగ కారుతోంది, తల నిలబెట్టలేకపోతోంది.

ఈ వైద్యాన్ని మన ఊళ్లలో చాలామంది నమ్ముతారు. ఆ నూనెలో ఇంజన్ అరుగుదల నుంచి వచ్చిన లోహాలుంటాయి, విషం. చర్మాన్ని కాలుస్తుంది, నాకితే కడుపులోకి పోతుంది. అప్పుడు కంగారుపడి ఉప్పునీళ్లు తాగించి కక్కించాలని చూస్తారు, అది ఇంకా ప్రమాదం. వాంతితో పాటు నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే ఆస్పిరేషన్ న్యుమోనియా వస్తుంది. అంటే గాలి ఉండాల్సిన చోట నూనె చేరి వాచిపోవడం. అలాంటి కుక్కలు చాలావరకు దక్కవు. మల్లి ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నాను. ఎడమవైపు ఊపిరి అంత శుభ్రంగా లేదనిపించింది. పద్మకు ఆ మాట చెప్పలేదు.

సెలైన్ ఎక్కించడం మొదలుపెట్టాను. ఈలోగా పద్మ ఫోన్ చేస్తే యాదగిరి పొయ్యి దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చాడు. మెడలో గులాబీ కండువా, చేతికి పసుపు. మల్లిని చూసి గోడకు ఆనుకుని నిలబడిపోయాడు.

"మీరు జెప్పినంక నీళ్లు పొయ్యలే మేడం" అన్నాడు. "గాని దాని బొచ్చు ఊడుతుంటే ఊకె సూసుకుంట ఎట్ల కూసోవాలె?"

తిట్టాలనుకున్నదాన్ని ఆ మాటతో ఆగిపోయాను. ముందు ఒంటి మీద నూనె పోవాలి, లేకపోతే మళ్లీ నాకుతుంది. పొడిబట్టతో తుడిచి, గిన్నెలు తోమే లిక్విడ్‌తో గోరువెచ్చని నీళ్లలో రెండు మూడుసార్లు కడగాలి. చన్నీళ్లు పోస్తే ఆ నీరసానికి ఒళ్లు చల్లబడి పోతుంది. లిక్విడ్ సింకు దగ్గరే ఉంది. వేడినీళ్లే లేవు. హీటర్ రాడ్‌కు కరెంటు లేదు.

యాదగిరి బయటికి వెళ్లాడు. కొద్దిసేపటికి షట్టర్ పూర్తిగా పైకి లేచింది. ఇద్దరు డ్రైవర్లు అన్నం కోసం మరగబెట్టిన ఎసరు ఉన్న పెద్ద గిన్నెను, వాళ్ల మాటలో గంజును, గుడ్డలతో పట్టుకుని లోపలికి తెచ్చారు. ఎక్కడ దించాలని నన్నే అడిగారు. తర్వాత వాళ్లలో పెద్దాయన మల్లిని చూసి, ఇంకో గంజు కూడా పెట్టమని బయటికి కేకేశాడు. ఆ మధ్యాహ్నం దిల్‌సుఖ్‌నగర్‌లో సమ్మె చేస్తున్నవాళ్లకు అన్నం ఆలస్యమైంది.

స్నానం చేయించొద్దని నేను చెప్పిన మనిషి చేతే స్నానం చేయించాను. నేను తల పట్టుకుని, కళ్లలోకీ నోట్లోకీ నురగ పోకుండా చూశాను. ఆయన వీపు, పొట్ట, కాళ్ల సందులు మెల్లగా రుద్దాడు. ఈసారి బ్రష్షు లేదు, వేళ్లే. నల్లనీళ్లు పోయి బూడిదరంగు నీళ్లు, ఆ తర్వాత తెల్లనీళ్లు వచ్చాయి. నాకకుండా మెడకు గరాటా లాంటి ప్లాస్టిక్ కాలర్ కట్టి, పద్మ కొంగులో చుట్టి కూర్చోబెట్టాం.

న్యుమోనియా భయం వెంటనే పోయేది కాదు. రోజూ తీసుకురమ్మన్నాను. ఆయన టెంటు నుంచి, పద్మ ఇంటి నుంచి రోజూ వచ్చేవారు. ఊపిరి విన్నప్పుడల్లా ఇద్దరూ నా ముఖమే చూసేవారు. ఎడమవైపు చప్పుడు మెల్లమెల్లగా తేలికపడింది. ఒక రోజు మల్లి బల్ల మీద నిలబడి, సూది తీయగానే నా వేలు కొరకబోయింది. గండం గడిచిందని అప్పుడు చెప్పాను. పద్మ ఏడ్చింది. యాదగిరి బయటికి వెళ్లి కాసేపటికి గానీ రాలేదు.

ఆ రోజు నేను రాసిచ్చిన చీటీలో మందుల కన్నా పనులు ఎక్కువ. పొద్దున బొచ్చు పాయలు తీసి, చర్మానికి తగలకుండా దువ్వడం. సాయంత్రం చెవుల వెనక, వేళ్ల మధ్య గోమార్లు వెతకడం. కుక్కల పేస్టుతో పళ్లు తోమడం. నేల చేత్తో ముట్టుకుని వేడి లేకపోతేనే నడకకు తీసుకెళ్లడం. యాదగిరి చీటీని రెండుసార్లు చదువుకున్నాడు. "గిది మంచిగుంది మేడం" అన్నాడు. దువ్వడంలో ఆయన చెయ్యి ఎంత తిరిగిందంటే, తర్వాత రోజుల్లో నా దగ్గరికి వచ్చిన వేరే కుక్కలను కూడా ఆయనే పట్టుకుని కుదురుగా నిలబెట్టేవాడు.

సమ్మె ముగిసింది. డ్యూటీకి వెళ్లే ముందురోజు మల్లిని ఎత్తుకుని ఒక్కడే వచ్చాడు. బొచ్చు నూగునూగుగా మొలుస్తోంది.

"రేపటి సంది డ్యూటీ మేడం. దీనికెట్ల జెప్పాలె?" అని అడిగాడు.

నేను చదివిన పుస్తకాల్లో దానికి మందు లేదు. వెళ్లేటప్పుడు ముద్దులాడుతూ వీడ్కోలు చెప్పొద్దని, విడిచిన చొక్కా ఒకటి అది పడుకునే చోట పెట్టమని, వచ్చాక వెంటనే దువ్వెన పట్టమని చెప్పాను. తిండి మానేస్తే ఫోన్ చేయమన్నాను.

ఈ కేసు తర్వాత నా అలవాట్లు కొన్ని మారాయి. జంతువుకు ఏమైందని అడిగే ముందు ఇంట్లో ఏం మారిందని అడుగుతాను. ఎవరికైనా ఏదైనా వద్దని చెబితే, దాని బదులు ఏం చేయాలో కూడా చెప్పే పంపిస్తాను. ప్రేమ ఉన్నవాళ్లు చేతులు ముడుచుకుని కూర్చోలేరు. వాళ్ల చేతికి మనం పని ఇవ్వకపోతే, ఇంకెవరో ఇంజన్ ఆయిల్ ఇస్తారు.

యాదగిరి డ్యూటీకి వెళ్లిన రోజు సాయంత్రం పద్మ ఫోన్ చేసింది. మల్లి తిన్నదా అని అడిగాను.

"పగలంత గేటు కాడ్నే పండుకున్నది మేడం, ఏం ముట్టలే" అంది. "ఆయన సద్ది డబ్బ గూడ నిండుకు నిండు వాపస్ తెచ్చిండు. ఇగ ఇద్దరికి ఒక్కసారే పెట్టిన. తింటున్నరు."