ఇంకొక్క చెంచా

ఇర్వింగ్‌లో వర్క్ పర్మిట్ వచ్చాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం, మతిమరుపు ముదిరిన పెద్దవాళ్ళను చూసుకునే హోమ్‌లో సహాయకురాలి పని. అక్కడ ఒక పెద్దావిడ ఉండేది. వేల్స్‌లో పుట్టి, పెళ్ళయ్యాక టెక్సాస్ వచ్చి, ఇక్కడే తల నెరిసిన మనిషి. జబ్బు ముందుగా ఆవిడ ఇంగ్లీషును ఎత్తుకుపోయింది. మిగిలింది చిన్నప్పటి వెల్ష్ ఒక్కటే. తోటి సిబ్బందికి అదంతా ఉత్త గొణుగుడు. ఆకలో, దాహమో, నొప్పో చెప్పుకోలేక ఆవిడ తిండి దాదాపు మానేసింది.

అందుకని ఫోన్‌లో వెల్ష్ పాఠాలు పెట్టుకున్నాను. హైవే మీద ట్రాఫిక్ ఆగినప్పుడల్లా స్టీరింగ్‌కి పాఠం అప్పజెప్పేదాన్ని. మా ఆయన ఊరుకోడు కదా.

"స్పానిష్ నేర్చుకుంటే రేపు జాబ్‌కి యూజ్ అవుతుంది. ఇది ఎవరితో మాట్లాడతావ్?" అన్నాడు.

"ఒక్కావిడతో," అన్నాను.

డూర్ అంటే నీళ్ళు. పోయిన్ అంటే నొప్పి. బూయిద్ అంటే తిండి. చెంచాకి వెల్ష్‌లో ఉన్న మాట మాత్రం నాకు పట్టుబడలేదు. నాలుక పళ్ళ వెనక ఆనించి పక్కల నుంచి గాలి వదలాలట. నేను అలా ఊదుతుంటే పెద్దావిడ నా నోటి వంక చూసి నవ్వింది. ఆవిడ నవ్వగా చూడటం నాకదే మొదలు. ఆ రోజు సగం గిన్నె సూప్ తాగింది. కొన్నాళ్ళకు, కడుపు నిండాక డిగోన్ అనడం మొదలుపెట్టింది. అంటే, ఇక చాలు అని.

మన ఇళ్ళలో చాలు అంటే ఎవరు వింటారు? విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి వడ్డించే జాతి మనది. చాలన్నవాళ్ళకి ఇంకొంచెం వెయ్యకపోతే మర్యాద కాదు. నేనూ అదే చేశాను. టిపిన్ బాఖ్, అంటే కొంచెమే, అని బుజ్జగించి ఇంకొక్క చెంచా పెట్టేదాన్ని. ఆవిడ విసుక్కుంటూనే నోరు తెరిచేది. ఒళ్ళు కాస్త తేరుకుంది. నర్సు మెచ్చుకుంటే నేను పొంగిపోయాను.

చలికాలం వచ్చేసరికి ఆవిడ మంచం పట్టింది. మింగడం కష్టమైంది. ఆవిడకు ఒక్కతే కూతురు, రోజూ ఆఫీస్ అయ్యాక వచ్చేది. వెల్ష్ ఒక్క ముక్క రాదు, తల్లి నేర్పలేదట. ట్యూబ్ వేసి ఆహారం పంపాలో వద్దో నువ్వే తేల్చుకోవాలని డాక్టర్ ఆమెకు చెప్పి వెళ్ళాడు. ఆ సాయంత్రం నేను సూప్ పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాను. చెంచా పెదాలకు తగలగానే పెద్దావిడ నా చెయ్యి పట్టుకుంది. తోసెయ్యలేదు. ఊరికే పట్టుకుని, డిగోన్ అంది. టిపిన్ బాఖ్ నా నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ కళ్ళలో విసుగు లేదు, మొహమాటం అసలే లేదు. చెంచా గిన్నెలో పెట్టేశాను.

అమ్మ ఏమంటోందని కూతురు అడిగింది. చాలంటున్నారని చెప్పాను. సూప్ సంగతేనా అంది. నాకు తెలీదు, కానీ ఇదివరకెప్పుడూ ఇలా అనలేదు అన్నాను. నాకు ఏడుపు ఆగలేదు. నాలుగు ముక్కల భాషతో ఒక తల్లికీ కూతురికీ మధ్య కూర్చున్నందుకు భయం కూడా వేసింది.

ఆమె తల్లి దుప్పటి సరిచేసింది. తర్వాత, ట్యూబ్ వద్దని చెప్పేస్తానంది, నా అనుమతి అడుగుతున్నట్టు. అమ్మ అన్న ఆ మాట నన్ను ఒకసారి అనమంది. అన్నాను. తల్లి మీదికి వంగి, టెక్సాస్ యాసలో, తనకొచ్చిన ఆ ఒక్క వెల్ష్ మాటా తల్లి చెవిలో చెప్పింది.

"డిగోన్, మామ్."

పెద్దావిడ నా చెయ్యి వదిలేసి కూతురి చెయ్యి వెతుక్కుంది.