అత్త కారూ, కదలని సూదీ

ఆళ్లగడ్డలో మా మేనమామ భార్యకు ఒక కారు ఉండేది. మామ పోయినాక ఆమెకు మిగిలినవాటిలో పొలం మాట వినేది, కారు వినేది కాదు. నంద్యాలకూ ఆళ్లగడ్డకూ మధ్య సీటుకింతని మనుషులను ఎక్కించుకొని తిరిగే బాడుగ కారు అది. ఐదుగురు పట్టే కారులో తొమ్మిది మంది పట్టేవాళ్లు. ఒకసారి పదమూడు మందిని ఎక్కిస్తే శిరివెళ్ల దగ్గర పద్నాలుగు మంది దిగారని నేను చాలామందికి చెప్పాను. ఎవరూ కాదనలేదు.

ఎనభైల మొదట్లో, ఒక ఎండాకాలం, ఆ కారుకు జబ్బు చేసింది. స్టీరింగు ముందర ఇంజను వేడి చూపించే మీటరు ఉంటుంది. దాంట్లో సూది ఎప్పుడు చూసినా ఎర్రగీత మీదే. ముందు సీట్లో కూర్చున్నవాళ్లు సూదిని చూసి, దిగి, బస్సు ఎక్కడం మొదలుపెట్టారు. ఇంజను పేలితే మొదట పోయేవి తన కాళ్లేనని డ్రైవరు కూడా పని మానుకున్నాడు. బేతంచెర్ల నుంచి నాపరాళ్ల వ్యాపారి ఒకాయన, ఆదివారం వచ్చి కారు చూసి కొనుక్కుంటానని కబురు పంపాడు. అత్త రమ్మంది.

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. లైసెన్సు ఉంది, నడపడానికి బండి లేదు. ఆ కారు బేతంచెర్లకు పోతే ఊళ్లో నాకు ఇంకో స్టీరింగు దొరకదు. మా నాయన వెంట బావుల దగ్గర మోటార్లకు పైపులు బిగించుకుంటూ బతకాల్సిందే. అందుకని అత్త దగ్గరికి పోయి, హైదరాబాదులో రెండేళ్లు షెడ్డులో పనిచేశాననీ, ఒక విమానం ఇంజను కూడా విప్పాననీ చెప్పాను. నేను హైదరాబాదులో ఉన్నది పదకొండు రోజులు. అదీ మా పెద్దమ్మకు కంటి ఆపరేషను అయినప్పుడు.

“విమానం మళ్లా ఎగిరిందా?” అంది అత్త.

“ఎగిరింది అత్తా.”

“నువ్వు దాంట్లో ఉండావా?”

“లేను.”

“అందుకే ఎగిరింది. సరే, శనివారం నన్ను నంద్యాలకు పిల్చకపోయి పిల్చకరా. సూది ఎర్రదాంట్లోకి పోకుంటే కారు అమ్మను, నీ చేతికే ఇస్తా. పోయిందా, ఆదివారం ఆయప్పకు ఇచ్చేస్తా.”

మరుసటి రోజు బస్సులో నంద్యాలకు పోయి, ఒక షెడ్డులో మేస్త్రీని అడిగాను. ఆయన తల కూడా ఎత్తలేదు.

“పొద్దున్నే ఇంజను చల్లగుండంగా తాళం తిప్పు. స్టార్టు చేయొద్దు. అప్పుడు గూడా సూది ఎర్రదాంట్లోకి పోయిందంటే ఇంజనుకు జరం లేదు. జరం చూసేదానికే జరం. వైరు పీకు, సూది పడిపోతాది.”

ఇంజను వేడిని కనిపెట్టి మీటరుకు చెప్పేది వేలెడంత ఇత్తడి బుడిపె. ఇప్పుడు అందరూ సెన్సరు అంటున్నది అలాంటిదాన్నే. దాని మొదలుకు మరలుంటాయి, తలకు ఒక్క వైరు. ఇంజనులో నీళ్లు తిరిగే చోట బొక్క ఉంటుంది, దాంట్లో తిప్పి బిగిస్తారు. కొత్తది ఒకటి కొనుక్కొని, జేబులో గుడ్డు పెట్టుకున్నట్టు పెట్టుకొని ఆళ్లగడ్డకు వచ్చాను.

మేస్త్రీ చెప్పినట్టే జరిగింది. రాత్రంతా చల్లారిన ఇంజను, తాళం తిప్పగానే సూది ఎర్రగీత మీదికి పాకింది. వైరు పీకితే కింద పడింది. నాకు వైద్యం వచ్చేసిందనిపించింది. స్పానరు పెట్టి పాత బుడిపె విప్పాను. విప్పే ముందు రేడియేటరులో నీళ్లు కొంచెం దించాలని మేస్త్రీ చెప్పలేదు, నేను అడగలేదు. బుడిపె చేతిలోకి రాగానే దాని వెనకాల నీళ్లు నా మొహం మీదికి వచ్చాయి. బొక్కలో బొటనవేలు పెట్టాను. నీళ్లు ఆగాయి. నేనూ ఆగాను. కొత్త బుడిపె సీటు మీద ఉంది.

అత్త బయటికి వచ్చి చాలాసేపు చూసింది.

“ఏందిరా, ఇంజనుకు నాడి చూస్తాండావా?”

“అత్తా, సీటు మీద ఒక ఇత్తడి ముక్క ఉండాది, రవంత అందియ్యి.”

“విమానానిగ్గూడా ఇట్లనే వేలు పెట్టినావా?” అంటూ తెచ్చి ఇచ్చింది.

వేలు తీసి బిగించేలోపు ఇంకో నాలుగు చెంబుల నీళ్లు పోయాయి. బిగించినాక కూడా మరల సందున సన్నగా కారుతోంది. ఇక్కడ నాకు ఇంటి విద్య గుర్తొచ్చింది. బావి మోటారుకు పైపు బిగించేటప్పుడు మా నాయన మరలకు నూలు చుట్టి, తెల్లరంగు దట్టంగా పూసి తిప్పేవాడు. ఆయన బిగించిన పైపు నుంచి చుక్క కారిందని ఎవరూ అనలేదు. నేను బుడిపె మళ్లీ విప్పి, వేలు పెట్టి, ఒంటిచేత్తో, పళ్లతో నూలు చుట్టి, రంగు పూసి, బిగించాను. చుక్క కారలేదు. రేడియేటరులో రెండు చెంబులు పోసి మూత పెట్టాను.

తాళం తిప్పితే సూది కింద పడుకుంది. ఇంజను అరగంట తిప్పినా లేవలేదు. నేను బస్టాండుకు పోయి, ఇంజను ఎంత చల్లబడిందంటే లోపల కూర్చున్నవాళ్లు దుప్పట్లు అడుగుతున్నారని చెప్పి వచ్చాను.

శనివారం అత్త ముందు సీట్లో కూర్చుంది. దారిని ఒక్కసారి కూడా చూడలేదు, సూదినే చూసింది. పొద్దుటి పూట కాబట్టి నంద్యాలకు హాయిగా చేరాం. తిరిగి వచ్చేటప్పటికి మిట్టమధ్యాహ్నమైంది. శిరివెళ్ల దాటగానే బానెట్టు సందుల్లోంచి తెల్లగా పొగ లేచింది. సూది మాత్రం పడుకొనే ఉంది.

“ఈ పొగ ఏందిరా?”

“చల్లదనం అత్తా. చలికాలం మన నోట్లోనుంచి పొగ రాదా, అట్ల.”

“అట్లనా. బండి నిలుపు. పోయి దానిమీద చెయ్యి పెట్టు.”

పెట్టాను. తీయడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆ తర్వాత హైదరాబాదులో ఎన్ని రోజులున్నానో, ఏ విమానాన్ని విప్పలేదో రోడ్డు పక్కనే నిలబడి చెప్పాల్సి వచ్చింది. అత్త తుమ్మచెట్టు నీడకు పోయి కూర్చుంది.

నాపరాళ్ల లారీ ఒకటి వచ్చి ఆగింది. డ్రైవరు పెద్దమనిషి. దిగి, ఇంజనులోకి తొంగి చూశాడు.

“ఏమప్పా, ఈ తెల్లరంగు ఏంది? నూలు చుట్టినావా?”

“నీళ్లు కారతాంటే చుట్టినా అన్నా.”

“ఇది బావి పైపు అనుకుంటివా? దీనికి ఉండేదే ఒక్క వైరు. రెండోది దాని ఒళ్లే. ఒళ్లు ఇంజనుకు తగిలితేనే కరెంటు తిరిగేది. నువ్వు దానికి చొక్కా తొడిగితివి. ఇంగ ఇంజను కాలిపోయినా అది చల్లగుండాదనే చెప్తాది.”

ఇంజను చల్లారినాక బుడిపె విప్పి, కత్తితో నూలూ రంగూ గీకేసి, ఇత్తడి మెరిసేదాకా తుడిచి, ఆయన చూస్తుండగా బిగించాను. పక్క కాలువ నుంచి క్యానుతో తెచ్చి పోస్తే రేడియేటరు తొమ్మిది చెంబులు తాగింది. అన్ని నీళ్లు లోటున్నా చెప్పేవాళ్లు లేకపోయారు. స్టార్టు చేశాక సూది మెల్లగా లేచి మధ్యకు వచ్చి నిలబడింది. ఆళ్లగడ్డ చేరేదాకా అక్కడే ఉంది.

“సూది ఎర్రదాంట్లోకి పోలేదు గదత్తా,” అన్నాను దిగేటప్పుడు.

“సూది పోలేదు, ఇంజను పోతాండె. రేపు ఆయప్ప వస్తాడు. అడిగిందానికి నిజం చెప్పు, అంతే. నా ఇంట్లోనుంచి పోయే వస్తువు అబద్ధంతో పోగూడదు.”

బేతంచెర్ల ఆయన పొద్దున్నే వచ్చాడు. కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, చక్రాలను తన్ని, బండి ఎట్లుందని నన్ను అడిగాడు. నేను ఎర్రగీత నుంచి మొదలుపెట్టి, వేలు, నూలు, పొగ, తుమ్మచెట్టు, ఏదీ వదలకుండా చెప్పాను. ఒక్క ముక్క కలపలేదు. ఇప్పుడు ఇంజను బాగుంది, సూది నిజం చెప్తోంది అని ముగించాను. అంత నిజం ఒకే ఊపున చెప్పడం అలవాటు లేక నోరు ఎండిపోయింది.

ఆయన అత్త వైపు తిరిగాడు.

“అమ్మా, ఈ అబ్బి సంగతి బస్టాండులో విన్నాలే. ఒకటి ఉంటే పది చెప్తాడంట. అట్లాటోడే ఇంత చెడ్డ చెప్తాండాడంటే, చెప్పకుండా దాచింది ఇంకెంత ఉండాదో! నాకొద్దు తల్లీ.”

అత్త ఆయనకని తెచ్చిన మజ్జిగ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూసి, ఆ మజ్జిగ తనే తాగింది. కొంగుతో మూతి తుడుచుకొని, నడుముకున్న తాళం తీసి నా మీదికి విసిరింది.

“రేపు పొద్దున నంద్యాలకు నలుగురు ఉండారు. బేగా లేయి.”