బొట్టు పెట్టిన రివిట్లు

ఆ రోజుల్లో నాకు ఆగడం చేతకాదు. ఆ రోజులంటే మరీ పాతకాలమేమీ కాదు, అందరి జేబుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చేసిన కాలమే. కానీ నా కాళ్లు నన్నడక్కుండానే పరిగెత్తే వయసు కాబట్టి, ఇప్పుడు కూర్చుని తలుచుకుంటే అదంతా ఎవరో వేరే మనిషికి జరిగినట్టుంటుంది. టీ చల్లారేదాకా ఓపిక పట్టలేక రోజూ నాలుక కాల్చుకునేవాణ్ణి. షేర్ ఆటో నిండేదాకా కూర్చోలేక కశింకోట నుంచి అనకాపల్లికి నడక మొదలుపెట్టేవాణ్ణి. సగం దారిలో అదే ఆటో నన్ను దాటి పోతుంటే లోపలివాళ్లు చెయ్యి ఊపేవాళ్లు. ఏ పని చెప్పినా "బేగి అయిపోద్ది" అనడం అలవాటు (బేగి అంటే మా వైపు తొందరగా అని), అందుకని షెడ్డులో నా అసలు పేరు మాసిపోయి బేగిబాబు అనే పేరు మిగిలింది. మెకానికల్ డిప్లమా చదివిన బేగిబాబు. ఆ డిప్లమా సంగతి ఎవరూ అడక్కపోయినా నేనే చెప్పేవాణ్ణి.

అనకాపల్లిలోని ఆ లారీ రిపేరు షెడ్డు మా అమ్మకు వరసకు అన్నయ్య అయ్యే ఆయనది. నాకు మావయ్య, ఊరికి పెద్ద మేస్త్రి. లారీల వెనకవైపు బరువు మోసే ఉక్కుపట్టీల కట్టలుంటాయే, కమాన్లు, వాటి పనిలో ఆయనది అందెవేసిన చెయ్యి. చెరకు లారీలూ, బెల్లం లారీలూ నడుం విరిగి ఆయన దగ్గరికే వచ్చేవి. ఆయన బండి కిందికి దూరాక ముందు పావుగంట ఏమీ చేసేవాడు కాదు, వెల్లకిలా పడుకుని పైకి చూస్తూ ఉండేవాడు. ఆ పావుగంటలో నేను నాలుగుసార్లు "మొదలెడదామా" అని అడిగేవాణ్ణి. నెల రోజులు చూస్తాననీ, పనికొస్తే ఉంచుకుంటాననీ, లేకపోతే మా ఊరు రోలుగుంట బస్సెక్కించి పంపేస్తాననీ మా అమ్మతో ముందే చెప్పేశాడు. నెల పూర్తి కావడానికి రెండు రోజులుందనగా రాజయ్యపేట బావ బండి వచ్చింది.

బావ అంటే చుట్టరికమేమీ లేదు, మా దగ్గర వయసు కలిసిన ప్రతివాడూ బావే. సముద్రపొడ్డు నుంచి ఐసు పెట్టెల్లో చేపలు వేసుకుని మార్కెట్లకు తోలే చిన్న లారీ ఆయనది. పెట్టెలు నిండితే చాలు, బండి వెనక చతికిలబడి మడ్‌గార్డు టైరును రాసుకుంటోంది. మావయ్య పావుగంట పడుకుని చూసి, పొట్టి కమాన్లు తీసేసి పొడుగువి వెయ్యాలనీ, వాటిని పట్టుకునే వెనక బ్రాకెట్లు రెండూ ఊడదీసి ఛాసిస్ మీద ఇంకొంచెం వెనక్కి జరపాలనీ తేల్చాడు. ఆ బ్రాకెట్లను కంపెనీవాళ్లు రివిట్లతో బిగించి పంపారు. బోల్టయితే తిప్పితే వస్తుంది. రివిట్టుకు మర ఉండదు. తల కోసి, నడుమ బెజ్జం వేసి, పంచ్ ఉలి పెట్టి సమ్మెటతో కొడితే తప్ప కదలదు. బ్రాకెట్టుకు నాలుగు చొప్పున మొత్తం ఎనిమిది.

చేపలవేట నిషేధం ఇంకో మూడు రోజుల్లో ముగుస్తుంది. నాలుగో రోజు పొద్దున్నే పడవలు మొదటి సరుకుతో ఒడ్డుకొస్తాయి. ఆ మొదటి సరుకు ఎవరి బండికెక్కితే ఏడాది పొడుగునా ఆ పడవల సరుకు ఆ బండికే, అది వాళ్ల ఆనవాయితీ. ఆ పొద్దున బావ బండి ఒడ్డున లేకపోతే ఏడాదంతా పోయినట్టే. ఈ మాట బావ ఒక్కసారే చెప్పాడు. వెంట వచ్చిన వాళ్లమ్మ మాత్రం మావయ్యకు మూడుసార్లు, నాకు రెండుసార్లు, షెడ్డు ముందు ఆగిన పాలవాడికి ఒకసారి చెప్పింది. నుదుట రూపాయి బిళ్లంత బొట్టు, నడుముకు చుట్టిన కొంగు, గాలికి ఎండిన గొంతు. అందరం మామ్మ అనేవాళ్లం.

మావయ్యకు ఒక పద్ధతి ఉంది. సుద్దగీత చేతి జిడ్డుకు చెరిగిపోతుందని, తియ్యవలసిన రివిట్ల మీద అగ్గిపుల్లతో ఎర్రరంగు చుక్క పెట్టేవాడు. ఆ మధ్యాహ్నం బండి చక్రాలు తీసి, స్టాండుల మీద నిలబెట్టి, ఎనిమిది చుక్కలు పెట్టి, కొత్త బ్రాకెట్ల లేతు పని చూసుకోవడానికి కశింకోట వెళ్లాడు. నేను గ్రైండరుకు తగిలించే కోత బిళ్లలు కొనడానికి ఊళ్లోకి వెళ్లి ఉన్నాను. మావయ్య ఫోను చేసి, ఎర్ర చుక్కలున్నవే ముట్టుకో, తలలు మాత్రం కోసి ఉంచు, నేనొచ్చేదాకా ఇంకేదీ చెయ్యకు అన్నాడు. బేగి అయిపోద్దన్నాను. అవతల ఒక నిట్టూర్పు వినిపించి ఫోను ఆగిపోయింది.

నేను తిరిగొచ్చేసరికి బండికి పూజ అయిపోయింది. నిమ్మకాయ, చేమంతులు, కర్పూరం మసి, అన్నీ ఉన్నాయి. ప్రతి బండికీ ఉండేవే కాబట్టి పట్టించుకోలేదు. గ్రైండరు పట్టుకుని కిందికి దూరి పైకి చూశాను కదా, ఎటు చూసినా ఎర్ర చుక్కలే. వెనక బ్రాకెట్ల మీద, ముందు బ్రాకెట్ల మీద, ఛాసిస్ పట్టాలు రెండింటినీ కలిపి పట్టుకునే అడ్డ దూలం మీద, అన్నిటి మీదా. అక్కడ మావయ్యయితే పావుగంట పడుకుని చూసేవాడు. నేను పావు నిమిషం చూశాను. పెద్ద పనే పెట్టాడు మావయ్య, నా మీద నమ్మకం కుదిరిందన్నమాట అనుకున్నాను (ఆ క్షణంలో నా ఛాతీ ఎంత పొంగిందంటే బండి కింద చోటు చాల్లేదు). ఒక రివిట్టు మీద చేమంతి రేకు అతుక్కుని ఉంటే ఉఫ్‌మని ఊది మరీ దాని తల కోశాను. నిప్పురవ్వలు చొక్కాలో దూరుతున్నా ఆగలేదు. మామ్మ కాస్త దూరంగా స్టూలు మీద కూర్చుని, చెవులు మూసుకుని, కళ్లు మాత్రం విప్పార్చి చూస్తూనే ఉంది.

సాయంత్రం మావయ్య ఆటో దిగాడు. వంగి బండి కిందికి చూశాడు.

"ఎన్ని కోసేవు?" అన్నాడు.

"ముప్పై ఒకటి మావయ్యా. ఇంకో తొమ్మిదున్నాయి, బేగి అయిపోద్ది."

"నాను సుక్కెట్టింది ఎనిమిదింటికి అల్లుడూ."

అప్పుడు మామ్మ స్టూలు మీంచి లేచి వచ్చి, ఏ దాపరికమూ లేకుండా ఒప్పుకుంది. "మిగతావాటికి నాను ఎట్టేను. నువ్వు ఎనిమిదింటికే బొట్టెట్టి ఎల్లిపోనావు గదా. పేరంటంలో సగం మందికి బొట్టెట్టి సగం మందిని వొగ్గీత్తారేటి?"

పడవ కింద దూరి తారు పూసే మనిషికి లారీ కిందికి దూరడం ఓ లెక్కా? మేస్త్రి మరిచిపోయాడనుకుని, కుంకుమ నూనెలో తడిపి, మిగిలిన ముప్పై రెండింటికీ పేరుపేరునా పెట్టుకుంటూ వచ్చిందట. మరి నేను కోస్తుంటే ఎందుకు ఆపలేదని అప్పుడే మోటారుసైకిలు దిగిన బావ నెత్తి కొట్టుకున్నాడు. దానికీ ఆమె దగ్గర జవాబుంది. "బొట్టెట్టినవే ఏరేరి కోత్తన్నాడు. అమ్మోరికి పోతుని కోసినట్టు, ఇది ఈళ్ల పద్ధతి గావాల అనుకున్నాను. సదువుకున్న గుంటడు గదా."

మావయ్య నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తల తెగిన రివిట్టు బరువు పట్టదనీ, అడ్డ దూలం ఇలా ఉండగా బండి కదిలితే ఛాసిస్ మెలి తిరుగుతుందనీ, ఇక ముప్పై ఒకటీ తీసి ఒక్కొక్క చోటా గట్టి ఉక్కుతో చేసిన హైటెన్షన్ బోల్టు బిగించాల్సిందేననీ బావకు మెల్లగా చెప్పాడు. గ్యాస్ కటింగ్ పెడదామా అని బావ అడిగితే, వేడికి ఛాసిస్ బలం పోతుందని వద్దన్నాడు. బావ మోటారుసైకిలు తీసి బోల్టుల కోసం గాజువాక పరిగెత్తాడు. నేను చేతులు కడుక్కుని, సంచి భుజాన వేసుకుని, ఎవరికీ చెప్పకుండా వెనక దారిన బస్టాండు వైపు నడిచాను. ఏడుపొచ్చింది. వాళ్ల ఏడాదిని రెండు గంటల్లో కోసి పడేశానని సిగ్గుతో చచ్చిపోయాను.

పది అడుగులు వేశానో లేదో వెనక నుంచి మామ్మ వచ్చి సంచి పట్టుకుంది. "ఎట్టింది నాను, కోసింది నువ్వు. పారిపోతే ఇద్దరం పారిపోవాల. నాకు మోకాళ్లు నొప్పులు, పరిగెత్తలేను. పద." నన్ను మేకపిల్లను తోలుకొచ్చినట్టు తోలుకొచ్చింది.

తరవాతి రెండు రోజులూ నేను బండి కిందే బతికాను. ఒకటి తీయ్, దాని చోట బోల్టు బిగించు, ఆ తరవాతే రెండోది ముట్టుకో, అదీ మావయ్య ఆజ్ఞ. మొదటిదాని మీదే తొందరపడి రెండు డ్రిల్ బిట్లు విరగ్గొట్టాను. తల లేదు, నడుమ బెజ్జం పడింది, అయినా సమ్మెట దెబ్బకు పిసరంత కదలదు. ఇరవై దెబ్బలు, ముప్పై దెబ్బలు. మావయ్య పక్కనే పడుకుని, "దానికి తొందర్లేదు అల్లుడూ, నీకుంది. అందుకే అది గెలుత్తంది" అన్నాడు. నా చేతిలోంచి సమ్మెట తీసుకుని పక్కన పెట్టి, కిరోసిను నాలుగు చుక్కలు వేసి, అది దిగేదాకా ఊరికే చూడమన్నాడు. చూడ్డం కొట్టడం కన్నా కష్టంగా ఉంది. కాళ్లు వాటంతటవే ఆడుతుంటే మామ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కి పట్టుకుంది. పావుగంట తరవాత మూడు దెబ్బలకే రివిట్టు ఊడి నా కడుపు మీద పడింది.

బిట్టు కాలకుండా నూనె పొయ్యడం మామ్మ పనైంది. ఎంత నిష్ఠగా పోసేదంటే, నేను ఆపమనేదాకా ఆపేది కాదు. మధ్యాహ్నం చింతపండు వేసి వండిన ఎండుచేపల పులుసుతో తనే అన్నం కలిపి ముద్దలు చేతిలో పెట్టేది, నా చేతులకు గ్రీజు అని. ఇరవయ్యోది దగ్గరికొచ్చేసరికి మావయ్య తన వైపు పని చూసుకుంటూ నన్ను పట్టించుకోవడం మానేశాడు. నేనూ "బేగి" అనడం మానేశానని నాకే తెలియలేదు.

మూడో రోజు సాయంత్రానికి బండి తన చక్రాల మీద నిలబడింది. మావయ్య నన్ను వెనక పెట్టెల దగ్గర కూర్చోమన్నాడు. రాజయ్యపేట దాకా ప్రతి గతుకు దగ్గరా చెవి పెట్టి విను, ఒక్క బోల్టు కిర్రుమన్నా బండి ఆపించు అన్నాడు. పుట్టాక అంతసేపు కదలకుండా కూర్చోవడం నాకదే మొదలు. ఏదీ కిర్రుమనలేదు. మర్నాడు పొద్దున పడవలు ఒడ్డు తగిలేసరికి మా బండి అక్కడుంది. మొదటి పెట్టె ఎక్కుతుంటే మామ్మ అవతల చెరకు తోటల దాకా వినిపించేలా నా గురించి అందరికీ చెప్పింది, ముప్పై ఒకటీ ఆ గుంటడే బిగించేడని. ఎవరు కోశారన్నది మాత్రం చెప్పలేదు. తిరిగొచ్చి చూస్తే నా నెల పూర్తయి ఒక రోజు దాటింది. రోలుగుంట బస్సు ఊసు మావయ్య ఎత్తలేదు, నేనూ గుర్తుచెయ్యలేదు.

ఇప్పుడు మావయ్య ఇంటి దగ్గరే ఉంటున్నాడు, షెడ్డు నేను చూసుకుంటున్నాను. చుక్కలు నీలంరంగుతో పెడతాను. మొన్న అదే బండి కమాన్లు మార్చడానికి వచ్చింది. క్యాబిన్లోంచి మామ్మ దిగింది, బాగా చిన్నదైపోయింది. కుంకుమ భరిణె తీసి బానెట్టుకు పెట్టింది, స్టీరింగుకు పెట్టింది, టైర్లకు పెట్టింది. వెనక్కి మాత్రం పోలేదు. నాకూ పెట్టు మామ్మా అని తల వంచాను. ఆమె వేలు సగం దూరం వచ్చి ఆగిపోయింది.

"నీకొద్దులే నాయినా" అంది. "ఆ రోజు నాను బొట్టెట్టినవాటికి తలకాయలు మిగల్లేదు."

నేను వంచిన తల ఎత్తలేదు. ఆవిడ మనసు మార్చుకునేదాకా అలాగే నిలబడ్డాను. ఇప్పుడు నాకు ఎంతసేపైనా ఆగడం వచ్చు. చివరికి ఆమె వేలు చల్లగా నుదుటికి తగిలింది. బావ అప్పటికే రెండుసార్లు, బండి ఎప్పటికవుతుంది, కాస్త బేగి చూడు అన్నాడు. నేను ఆ బొట్టుతోనే బండి కిందికి దూరి, వెల్లకిలా పడుకుని, ఆ ముప్పై ఒక్క బోల్టులనూ పావుగంట సేపు ఊరికే చూస్తూ ఉండిపోయాను.