బొత్తాల కొట్టులో బెంచీ

మా బావ బొత్తాల కొట్టు పెట్టిన కొత్తలో అందులో సరుకు కన్నా పాటలే ఎక్కువగా ఉండేవని మా అక్క ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది. సన్నటి కొట్టు. గోడల నిండా అట్టపెట్టెలు. ప్రతి పెట్టె మొహాన, లోపల ఏముందో తెలిసేలా, ఒక బొత్తం దారంతో కుట్టి ఉండేది. గల్లాపెట్టె పక్కన టేప్‌రికార్డరు. గుమ్మం దాటగానే ఒక చెక్క బెంచీ.

ఆ టేప్‌రికార్డరులో వినిపించే గొంతు ఎక్కువగా ఒకావిడదే. పెద్ద పేరున్న గాయని కాదు. ఏదో చిన్న కంపెనీ ఆవిడ చేత ఒక్క కాసెట్టు పాడించి, తర్వాత మూతపడింది. జలుబు అప్పుడే తగ్గినట్టుండే జీర గొంతు. అక్క ఆవిడకి ‘బొంగురమ్మ’ అని పేరు పెట్టింది. విసుగుతో పెట్టిన పేరే, కానీ వాడగా వాడగా దానికి చనువు అబ్బింది.

బావ ఆ కాసెట్టు రెండు కొన్నాడు. ఒకటి వినడానికి, ఒకటి ‘ఉండడానికి’. ఆ రోజుల్లో ఖాళీ కాసెట్టు పట్టుకొచ్చి “కాస్త ఎక్కించి పెట్టు” అనడం అందరికీ మామూలే. బావ దగ్గర ఆ పప్పులు ఉడికేవి కావు.

“కొనుక్కో. లేదా బెంచీ మీద కూచుని విను. ఎంతసేపు కూచున్నా కాదనను. కాపీ మాత్రం ఇవ్వను.”

“ఎక్కిస్తే నీదేం పోయింది బావా?” అన్నాను ఒకసారి.

“నా బొత్తాలు ఊరికే పట్టుకుపోతావా నువ్వు?”

“అక్క మొగుడివి కదా, పట్టుకుపోతాను.”

“అందుకే నీకు బెంచీ మీద కూడా చివరి చోటే.”

ఆ చివరి చోట పుస్తకం తెరుచుకుని కూచుని నేనెన్ని మధ్యాహ్నాలు గడిపానో. గుడ్డముక్క పట్టుకుని రంగు కలిసే దారం కోసం వచ్చిన టైలర్లు పాట అయిపోయేదాకా కూచుని, ఏం కొనడానికి వచ్చారో మరిచిపోయి వెళ్ళేవాళ్ళు.

తర్వాత టేపులు పోయాయి. పాట ఎవరి చెవిలో వాళ్ళకే చేరింది. బెంచీ మీద లేసు చుట్టలు పెరిగాయి. అలాంటి రోజుల్లో మా మేనకోడలు, బావ కూతురు, తన ఫోన్లో బొంగురమ్మ పాటలు పట్టుకుంది. ఆవిడ శిష్యుడెవరో ఎక్కించాడట. బావ ఫోన్ని చెవికి ఆనించుకుని, అవతల ఎవరో మాట్లాడుతున్నట్టు తలూపుతూ విన్నాడు.

“దీంట్లో వింటే ఆవిడకేం ముడుతుందే?”

“విన్నప్పుడల్లా పైసలో పిసరంత, నాన్నా.”

“విన్నప్పుడల్లానా?”

ఆ మాట అతన్ని పట్టుకుంది. మర్నాటి నుంచి కొట్టు తెరవగానే ఫోన్లో ఆ పాటలు పెట్టి, శబ్దం పూర్తిగా తగ్గించి, జిప్పుల పెట్టెలో పడుకోబెట్టేవాడు. అవి వాటంతటవే తిరిగి తిరిగి మోగుతుండేవి, చప్పుడు లేకుండా. కొన్నాళ్ళకి ఇంట్లో పాత ఫోన్లన్నీ ఆ పెట్టెలోకి చేరాయి. “పుస్తకాలుండగా నీకెందుకు?” అని నా పగిలిన ఫోను కూడా లాక్కున్నాడు. అక్క పెట్టెలో చెయ్యి పెట్టి చూసి, “వెచ్చగా ఉన్నాయి. పొదిగిస్తున్నావా? పిల్లలెప్పుడు?” అంది.

ఒక రోజు ఏ ఫోన్లోనూ పాటలు లేవు.

మేనకోడలు ఆ శిష్యుణ్ణి వెతికి పట్టుకుని కనుక్కుంది. చెప్పడానికి కాస్త తటపటాయించింది. “మనుషులు వింటున్నట్టు లేదట నాన్నా. ఎవరో లెక్క పెంచడానికి దొంగగా మోగిస్తున్నారని, ఫోన్లో పాటలిచ్చే కంపెనీవాళ్ళు తీసేశారట. ఆవిడే చేయించిందనుకున్నారు.”

బావ వెళ్ళి బెంచీ మీద, లేసు చుట్టల మధ్య, కూలబడ్డాడు. అతను అక్కడ కూచోవడం నేనెప్పుడూ చూడలేదు.

“ఆవిణ్ణి దొంగన్నారా?” అన్నాడు. “నా వల్ల?”

ఆవిడ ఉండేది బస్సెక్కి వెళ్ళే దూరంలోనే. నన్ను తోడు తీసుకుని బయలుదేరాడు. మేడ మీద గదిలో పిల్లలకి సంగీతం చెబుతోంది. జుట్టు తెల్లబడింది, గొంతు ఇంకాస్త బొంగురుపోయింది. బావ చెప్పులు విప్పుతూ విప్పుతూనే జరిగిందంతా కక్కేశాడు.

ఆవిడ నవ్వు ఆపుకుంటూ వింది. “ఎవరో గిట్టనివాళ్ళు చేశారన్నారండీ మా వాళ్ళు. శత్రువులుండేంత పేరు నాకెక్కడిది అన్నాను.” ఆ వెంటనే అడిగింది: “మరి శబ్దం ఎందుకు తీసేశారు?”

“బేరాలాడుతూ వినే పాట కాదండీ మీది.”

“అయితే ఇన్నాళ్ళూ వినలేదన్నమాట.”

బావ సాయం కోసం నా వైపు చూశాడు. నేను గుమ్మంలో విప్పిన చెప్పుల వైపు చూశాను.

ఆవిడే అందుకుంది. ఆ పాటల కంపెనీకి సర్ది చెప్పుకుంటే మళ్ళీ ఎక్కించనిస్తారట. కానీ ఎక్కించడానికి పాటలేవి? శిష్యుడి కంప్యూటరు పాడైపోయింది. ఆవిడ దగ్గరున్న ఒక్క కాసెట్టూ ఎవరో విని ఇస్తామని పట్టుకుపోయారు. “మీ దగ్గరుందంటున్నారుగా, ఒక కాపీ...”

“కాపీ మాత్రం ఇవ్వనండీ,” అనేశాడు బావ, అలవాటు కొద్దీ. అని నాలుక్కరుచుకున్నాడు.

ఆవిడ ఇక ఆపుకోలేక నవ్వింది. పిల్లలూ నవ్వారు. “మరేం చెయ్యమంటారు?”

“కొట్టుకి రండి,” అన్నాడు, చెవులు ఎర్రబడుతుండగా. “బెంచీ ఉంది. విని, కాసెట్టే తీసుకెళ్ళండి.”

ఆవిడ వచ్చింది. అప్పటికే లేసు చుట్టలన్నీ కిందికి దిగాయి, టేప్‌రికార్డరు బాగై వచ్చింది. ‘ఉండడానికి’ కొన్న కాసెట్టు పైకాగితం బావ గోటితో చించాడు. జిప్పు కోసం వచ్చిన మనిషిని చేత్తోనే ఆగమని సైగ చేసి, తనూ బెంచీ మీద కూచున్నాడు. నాకు చివరి చోటు దక్కింది. తన పడుచునాటి గొంతుని ఆవిడ తల వంచుకుని వింది. రెండో పాటలో ఒకచోట ఆవిడ మొహం ముడుచుకుంది.

“ఇక్కడ శ్రుతి తప్పాను.”

“తెలుసండీ,” అన్నాడు బావ. “ఆ చోటు కోసమే వింటాను.”

పాటలు మళ్ళీ ఫోన్లోకి వచ్చాయి, ఆ తప్పిన శ్రుతితో సహా. నా పగిలిన ఫోను మాత్రం నాకు తిరిగి రాలేదు. బావ రోజూ మధ్యాహ్నం ఒక్కసారి, శబ్దం పెట్టి, వాటిని వింటాడు. ఆ చోటు దగ్గరపడగానే లేసు కొలుస్తున్న చెయ్యి ఆగిపోతుంది. కొనడానికి వచ్చినవాళ్ళు కూడా ఎందుకో తెలియకుండానే ఆగుతారు.