అమ్మ ప్రార్థనలో పెద్దది

చర్చిలోకి అడుగు పెట్టగానే ఎడమచేతి గోడ మీద ఆ ఫోటో కనబడుతుంది. మెడలో స్టెతస్కోపుతో చెల్లెలు, చేతిలో సుద్దముక్కతో మరిది, చుట్టూ గుంపుగా బడిపిల్లలు. కింద పెద్ద అక్షరాలతో “మన మిషనరీ దంపతులు” అని రాసి ఉంటుంది. ఆదివారం వచ్చిందంటే ఆ ఫోటో పక్కనుంచే నడిచి వెళ్ళి తన బెంచీ మీద కూర్చునేది పెద్దది. చూడకూడదనుకుంటూనే చూసేది. ముందు వరుసలో నిలబడ్డ పిల్లవాడి మోకాలి కట్టు వదులుగా ఉందని, చెల్లెలికి మనసులోనే ఒక మార్కు తగ్గించేది.

ఇంట్లో ఆమె పెద్దది, ఆసుపత్రిలో పెద్ద సిస్టరు. సర్కారు ఆసుపత్రి సర్జికల్ వార్డులో తల నెరిసేదాకా పుళ్ళు కడిగింది, కుట్లు విప్పింది, రోగుల చుట్టాలతో గొంతు బొంగురుపోయేలా పోట్లాడింది. సముద్రానికి అవతల చెల్లెలు చేసేదీ ఆ పనే. అదే చీము, అదే దూది. అక్కడ చేస్తే సేవట, ఇక్కడ చేస్తే డ్యూటీట! ఈ మాట ఆమె మనసులోనే పెట్టుకుందనుకునేరు. వార్డు ఆయాతో అంది, మందుల గది కాంపౌండరుతో అంది, కట్టు సగం కట్టించుకుని పారిపోయే వీలు లేని రోగులతో కూడా అంది.

అసలు మంట ఎక్కడ మొదలైందంటే, పరాయి దేశం వెళ్తానని ముందు చెయ్యెత్తింది పెద్దదే. దూరదేశాల్లో ఆసుపత్రులూ బడులూ నడిపే మిషన్ వాళ్ళు చర్చికి వచ్చి “ఎవరొస్తారు?” అని అడిగిన రోజున, అప్పుడే నర్సు చదువు ముగించిన ఆమె ముందు వరుసలోంచి దిగ్గున లేచి నిలబడింది. వెనక బెంచీలో చిన్నది కునికిపాట్లు పడుతోంది. పాస్టరుగారు సంతోషించారు గానీ, తర్వాత పక్కకు పిలిచి మెల్లగా చెప్పారు.

“అమ్మాయ్, వాళ్ళు దంపతుల్నే పంపుతారట. ఒకరు వైద్యానికి, ఒకరు బడికి. నీకు పెళ్ళయ్యాక చూద్దాంలే.”

ఆ పెళ్ళి కుదరలేదు. ఒకటి రెండు సంబంధాలు వచ్చాయి గానీ, పరాయి దేశం మాట చెవిన పడగానే వాళ్ళు చెప్పులు తొడుక్కున్నారు. కొన్నాళ్ళకు చిన్నదీ నర్సయింది, ఒక లెక్కల మాస్టారిని చేసుకుంది, ఆయన పెట్టెలు సర్దమంటే సర్దింది. తను ఎక్కాల్సిన విమానం తన కళ్ళ ముందే చెల్లెల్ని ఎక్కించుకుని పోయింది.

ఇదంతా ఎలాగో దిగమింగింది గానీ, సాయంత్రం ప్రార్థన మాత్రం మింగుడు పడేది కాదు. మంచం పట్టిన తల్లి పెద్దదాని దగ్గరే ఉండేది. ఆమె కోసమే ఎప్పుడూ పొద్దుటి డ్యూటీ వేయించుకుని, సాయంత్రానికి ఇంట్లో ఉండేది పెద్దది. తల్లి వీపు తుడిచి, బట్ట మార్చి, పక్క సర్ది, మంచం పక్కన స్టూలు మీద కూర్చునేది. అప్పుడు తల్లి కళ్ళు మూసుకుని మొదలుపెట్టేది. “ప్రభువా, నా చిన్నదాన్ని చల్లగా చూడు. అక్కడి నీళ్ళు దాని ఒంటికి పడేలా చెయ్యి...” చిన్నదాని దగ్గు, చిన్నదాని మొగుడు, వాళ్ళ బడి పైకప్పు, వాళ్ళ ఆసుపత్రిలో పురుడు పోసుకునే ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళు, అందరూ వరసగా వచ్చేవారు. పెద్దది చెవులు రిక్కించుకుని చివరిదాకా కాచుకునేది. ఆమేన్ వచ్చేది. పెద్దది వచ్చేది కాదు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

“అమ్మా, నేనొకదాన్ని ఉన్నానని నీ దేవుడికి తెలుసా?”

“తెలియకేం? పిచ్చి ప్రశ్నలూ నువ్వూ! ఆ దిండు కాస్త పైకి జరుపు.”

జరిపింది. జరుపుతున్నంతసేపూ ఒళ్ళు భగభగ మండింది.

ఆ ఏడాది దంపతులు సెలవు మీద వచ్చారు. చర్చిలో చప్పట్లే చప్పట్లు. తెర మీద బొమ్మలు వేశారు. రేకుల షెడ్డులో బడి, నేల మీద కూర్చున్న పిల్లల మధ్య మరిది, చంటిబిడ్డను చేతుల్లోకి తీసుకుంటున్న చెల్లెలు. పెద్దదాని పక్కనున్నావిడ కళ్ళు ఒత్తుకుని, “మీ చెల్లెలు ధన్యురాలమ్మా” అంది.

“అవునండీ, పనంతా నా దగ్గరే నేర్చుకుంది” అంది పెద్దది. నేర్చుకోలేదు. ఆ అబద్ధం ఆమెకు ఎంతో హాయిగా అనిపించింది.

ఇంటికొచ్చాక పడింది అసలు పోటు. “అక్కా, ఇన్నాళ్ళూ అమ్మకి నువ్వే చేశావు. ఈ నెల రోజులూ నాకు వదిలెయ్. కాస్త ఊపిరి పీల్చుకో” అంది చిన్నది. “అవును వదినా, మేం చూసుకుంటాం” అన్నాడు మరిది. మంచి మాటే. పెద్దదానికి మాత్రం అలా వినబడలేదు. విమానం తీసుకున్నారు, చర్చి గోడ తీసుకున్నారు, ఇప్పుడు అమ్మ వీపు కూడా కావలసి వచ్చిందా? పంతానికి పోయి మర్నాటి నుంచే సాయంత్రం డ్యూటీ వేయించుకుంది. తల్లీ చిన్నదీ పక్కపక్కన కూర్చుని చేసుకునే ప్రార్థన వినాల్సిన ఖర్మ తనకేం పట్టింది?

వారం గడిచింది. ఒకరోజు పొద్దున్నే వంటింట్లో చిన్నది తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోంది. ముక్కు ఎర్రగా కందిపోయి ఉంది.

“ఏమైందే?”

“ఏం లేదక్కా.”

“ఏం లేకపోతే ఆ గిన్నెకి చిల్లి పడేదాకా ఎందుకు తోముతున్నావ్?”

చిన్నది గిన్నె వదిలేసింది.

“నవ్వనంటే చెబుతా. రోజూ సాయంత్రం అమ్మ పక్కనే కూర్చుంటున్నానా? ప్రార్థనలో నా ఊసు ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి రాలేదక్కా! ‘పెద్దదాని కాళ్ళ వాపు తగ్గించు, పెద్దదాన్ని వానలో తడవకుండా ఇల్లు చేర్చు, పెద్దది వేళకి తినదు దానికి బుద్ధి చెప్పు.’ దేవుడికి ఇంకో పని లేనట్టు ఎంతసేపూ పెద్దదేనా? నీ నోటి దురుసు తగ్గించమని కూడా అడిగిందిలే. అంత దూరంలో, ఇక్కడ అమ్మ నాకోసం అడుగుతుంటుందన్న ధైర్యంతోనే బతికాను. ఇప్పుడు నిన్ను చూస్తే కుళ్ళు పుడుతోంది నాకు.”

పెద్దది తల వంచి తన కాళ్ళ వంక చూసుకుంది. కాళ్ళ వాపు సంగతి తల్లితో ఆమె ఎన్నడూ అనలేదు. మంచంలోంచే చూసిందన్నమాట. ముసలిది కళ్ళ ముందు లేనివాళ్ళ కోసమే దేవుణ్ణి అడుగుతుంది. ఉన్నవాళ్ళను దిండు జరపమంటుంది. ఇంతే సంగతి.

అప్పుడే చిన్నదానికి నిజం చెప్పెయ్యొచ్చు. చెప్పలేదు. ఫోటోలో ఉన్న చెల్లెలు ఫోటోలో లేని తనను చూసి ఏడుస్తోంది! చెప్పొద్దూ, పెద్దదానికి ఎంత కమ్మగా ఉందో! ఆ కమ్మదనాన్ని సెలవు అయిపోయేదాకా ఎవరికీ పంచకుండా దాచుకుంది. దంపతులు బయల్దేరే రోజున, టాక్సీ తలుపు వేశాక, కిటికీలోకి తల దూర్చింది.

“ఒసే, నువ్వక్కడ ఉన్నన్నాళ్ళూ అమ్మ నా మాట ఒక్కసారి ఎత్తలేదే. రోజూ నువ్వే. నీ దగ్గు, నీ బడి పైకప్పుతో సహా. ఇక వెళ్ళిరా.”

చిన్నది గబుక్కున అక్క చెయ్యి పట్టుకుంది. టాక్సీ కదిలేదాకా వదల్లేదు.

మర్నాటి నుంచి మళ్ళీ పాత పద్ధతే. పొద్దుటి డ్యూటీ చేసి వచ్చి, తల్లి వీపు తుడిచి, పక్క సర్ది, స్టూలు మీద కూర్చుంది పెద్దది. తల్లి కళ్ళు మూసుకుంది.

“ప్రభువా, ప్రయాణంలో ఉన్న నా చిన్నదాన్ని...”

సంగతి తెలిసింది కదా, కడుపుమంట చల్లారి ఉండాలి. చల్లారలేదు. చిన్నది నెల రోజులూ విన్నది తను ఒక్క పూటైనా వినలేదు. పెద్దది మెల్లగా లేచింది. తల్లి ఒక కన్ను తెరిచింది.

“ఎక్కడికే, ప్రార్థన మధ్యలో?”

“పాలు పొంగుతున్నాయమ్మా.”

పాలూ లేవు, పొంగూ లేదు. వెళ్ళి వంటింటి తలుపు చాటున నిలబడింది. గదిలో మంచం కిర్రుమంది. తర్వాత తల్లి గొంతు కాస్త మెల్లగా వినబడింది.

“ప్రభువా, మరి పెద్దది... దాని కాళ్ళు చూశావా? రోజంతా నిలబడే ఉంటుంది...”

పెద్దది ఊపిరి బిగబట్టి, వాచిన కాళ్ళ మీద అలాగే నిలబడి విన్నది.