సంపూర్ణమ్మ గారి నాలుగు డిస్కులు

సంపూర్ణమ్మ గారికి పదకొండు గంటలంటే పదకొండే. ఆ సంగతి తెలిసి కూడా ఆ మంగళవారం పని మీద తుని వెళ్ళి, అక్కడ ఒక షాపు వాళ్ళతో కబుర్లు చెబుతూ ముందు రైలు వదిలేసి, వెనక రైలెక్కాను. జరిగిందాంట్లో రైలు తప్పు కొంత ఉంది, నాది ఎక్కువ.

నా పేరు విజయ్ పాల్. రాజమండ్రిలో కంప్యూటర్లు బాగుచేసే చిన్న షాపు ఉంది. ఆవిడ నిడదవోలులో చూపులేని పిల్లల బడిలో గుమాస్తా. ముప్ఫై ఏళ్ళ కిందట టైపిస్టుగా చేరారు. కాగితం మీద ఆవిడ ఉద్యోగం టైపు కొట్టడం, ఫైళ్ళు చూడడం. నిజంగా చేసిన పని చదవడం.

చదవడం ఆవిడకి తండ్రి దగ్గర అబ్బింది. ఆయన పేరు చిట్టియ్య. మండపేటలో రైసు మిల్లులో బస్తాలు మోసేవాడు. తనకి అక్షరం ముక్క రాదు కానీ, సాయంత్రం ఇంటికి రాగానే కూతురిని కూచోబెట్టి పొట్లం కట్టిన కాగితం దగ్గర్నుంచి బైబిలు దాకా చదివించుకునేవాడట. ఆ పిల్ల ఆటలకి పోవాలని తొందరపడి ఒక వాక్యం దాటేస్తే, "ఏదో మింగేశావే అమ్మాయ్, మళ్ళీ మొదట్నుంచి రా" అనేవాడట. చదువు రానివాడికి ఎలా తెలిసేదో ఆవిడకి ఇప్పటికీ అర్థం కాదు. మింగకుండా చదవడం మాత్రం అలవాటైపోయింది.

బడికి బ్రెయిలు పుస్తకాలు సగం ఏడాది గడిచాక గానీ వచ్చేవి కావు. అందుకని పదకొండేళ్ళ కిందట ఆవిడే ఒక సామాన్ల గదిలో గోడలకు పాత పరుపులు కొట్టించి, మైకు పెట్టుకుని, పాఠ్యపుస్తకాలన్నీ చదివి రికార్డు చేయడం మొదలుపెట్టారు. నిడదవోలు జంక్షను కదా, పూటకి ఎన్ని రైళ్ళో. గోడ మీద టైంటేబులు అతికించుకుని, రైలుకీ రైలుకీ మధ్య దొరికిన ఖాళీలో చదివేవారు. చెప్పాపెట్టకుండా గూడ్సు వచ్చి కూత పెడితే ఆ పేరా మళ్ళీ మొదటి నుంచి చదివేవారు. పుస్తకంలో బొమ్మ ఉంటే దాన్నీ చదివేవారు: "బొమ్మలో ఎడమ పక్కన ఒక గాజు పాత్ర ఉంది. అందులో సగం దాకా నీళ్ళున్నాయి." అట్ట మీది వెల కూడా వదిలేవారు కారు.

"వెల దేనికండీ వాళ్ళకి?" అని ఒకసారి ఆటపట్టించాను.

"చూపున్నవాళ్ళకి కనబడుతుంది కదండీ. వీళ్ళకెందుకు కనబడకూడదు?" అన్నారు. నేను మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఇంకో సంగతి. 'లేదు', 'పోయింది' అనే మాటలు ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు. హెడ్మాస్టరు గారు బడిలో లేకపోతే "వచ్చే వేళయిందండి" అంటారు. కరెంటు పోతే దానికీ అదే మాట. ఇంట్లో పెద్దవాళ్ళు అలా పెంచారట. నేను ఆరో ఏట తల్లిని పోగొట్టుకుని హాస్టళ్ళలో పెరిగినవాణ్ణి. మాకు బియ్యం లేకపోతే లేవనే అరిచేవాడు వంటమనిషి. అందుకని ఆవిడ మాట తీరు నాకు వింతగా ఉండేది, కాస్త నవ్వు కూడా వచ్చేది.

రెండేళ్ళ కిందట ఆవిడ గొంతులో కణితి లేచింది. తీసేస్తే గొంతు పోవచ్చని డాక్టర్లు ముందే చెప్పారు. ఆపరేషనయ్యాక ఆవిడ మాట గరగరమనే గుసగుసగా మిగిలింది. నాలుగు మాటలకోసారి ఊపిరి తీసుకోవాలి. ఇక రికార్డింగు గదికి తాళం పడింది. అప్పటిదాకా చదివినవన్నీ బడి కంప్యూటరులో నాలుగు డిస్కుల మీద ఉన్నాయి. వాటిని మళ్ళీ చదివి ఇచ్చే గొంతు ఈ లోకంలో లేదు. నా భయమంతా అదే.

ఆ నాలుగు డిస్కులనూ ఒక్కటిగా కలిపి నడిపేది ఒక కంట్రోలర్ కార్డు. పాతది, నేనే కొనుక్కొచ్చి బిగించాను. "నాలుగున్నాయమ్మగారూ, ఒకటి పాడైనా మిగతా మూడూ కాస్తాయి" అని ధైర్యం చెప్పిందీ నేనే. వేరే కాపీ తీసి పెడదామని ఆవిడ మూడుసార్లు అడిగారు. "చూద్దామండి" అన్నాను మూడుసార్లూ. నామీద నాకు ఇప్పటికీ ఒళ్ళు మండేది ఆ 'చూద్దాం' దగ్గరే.

ఫిబ్రవరి చివర్లో కార్డు కీచుమని అరవడం మొదలుపెట్టింది. ఒక రోజు ఒక డిస్కును మర్చిపోతుంది, మర్నాడు ఇంకోదాన్ని. పరుగెత్తుకెళ్ళి కాపీ తీయబోతే పది నిమిషాలకోసారి ఆగిపోయింది. వెతికితే, లోపం డిస్కులది కాదు, ఆ కార్డు ఫర్మ్‌వేర్‌ది అని తేలింది. ఫర్మ్‌వేర్ అంటే కార్డు లోపలే రాసి ఉండే దాని సొంత ప్రోగ్రాము. కొత్తది ఎక్కిస్తే సరిపోతుంది. కానీ ఎక్కేటప్పుడు మధ్యలో ఆగిందా, కార్డు చచ్చిపోతుంది. అలాంటి కార్డు ఇప్పుడు దొరకదు. పదో తరగతి పరీక్షలకి పన్నెండు రోజులే ఉన్నాయి. పదకొండు మంది పిల్లలు ఆ పాఠాలు వినే చదువుకుంటున్నారు.

ఎందుకైనా మంచిదని కొత్త ఫర్మ్‌వేర్ పెన్ డ్రైవులో వేసి, ఏం నొక్కాలో కాగితం మీద వరసగా రాసి ముందే ఇచ్చి వచ్చాను. "మంగళవారం పదకొండుకి మొదలెడదామండి" అన్నాను. నేను వచ్చేదాకా ఆగమని మాత్రం అనలేదు.

అనపర్తి దాటాక పొలాల మధ్య రైలు ఆగిపోయింది. పదకొండు దాటి పది నిమిషాలకి ఫోను మోగింది.

"నలభై శాతం అయిందండి," అన్నారు గరగరమనే గొంతుతో.

"మొదలెట్టేశారా అమ్మగారూ?"

"పదకొండన్నారు కదండీ."

ఇక ఆపడానికి లేదు. ఆపితేనే ప్రమాదం. ఫోనులో ఆ గుసగుస సరిగ్గా వినబడక స్పీకరు పెట్టాను. ఎదురు సీటులో తునిలో ఎక్కిన ఒక పెద్దావిడ ఒళ్ళో సంచి పెట్టుకుని నన్నే చూస్తోంది. చూస్తే చూడనీ అనుకున్నాను. సంపూర్ణమ్మ గారు అంకెలు చదువుతున్నారు. నలభై అయిదు. యాభై. యాభై ఎనిమిది. ఆవిడ ఊపిరి తీసుకున్నప్పుడల్లా నా ఊపిరి ఆగుతోంది.

అరవై రెండు దగ్గర ఆవిడ ఆగారు. వెనకాల యూపీఎస్ కుయ్యిమన్న చప్పుడు.

"కరెంటు వచ్చే వేళయిందండి."

కరెంటు పోయిందన్నమాట. ఆ యూపీఎస్‌లో బ్యాటరీలు ముసలివి. పది నిమిషాలు లాగితే గొప్ప. మారుద్దామని వాటిని కూడా చూద్దామన్న జాబితాలోనే పెట్టాను. కిటికీ ఊచ గట్టిగా పట్టుకున్నాను. డెబ్భై. ఎనభై. తొంభై దగ్గర అంకె చాలాసేపు కదల్లేదు. నాకు తెలిసిన ప్రార్థనంతా అక్కడే అయిపోయింది.

"నూరండి," అన్నారు. "కాగితంలో రాసినట్టు కంప్యూటరు ఆపి మళ్ళీ వేస్తున్నానండి. యూపీఎస్ మీద ఎర్ర లైటు వెలిగిందండి."

"వెయ్యండి, తొందరగా వెయ్యండి."

నిమిషం గడిచింది. నీలం తెర వచ్చిందన్నారు. కార్డు తనకి కనబడిన డిస్కులు చూపించే తెర అది.

"మన డిస్కులు చూపిస్తోందాండి? మన పాఠాలు కనబడుతున్నాయా?"

యూపీఎస్ ఒక్కటే అరుస్తోంది. తరవాత గుసగుసగా అన్నారు.

"నిండుకున్నాయండి."

"హమ్మయ్య," అన్నాను. ప్రాణం లేచివచ్చింది. "చాలా మంచిదండి. కింద ఏమడుగుతోంది?"

"మంచిదాండి?" అన్నారు. ఆ గొంతులో ఏదో తేడా ఉంది, నేను పట్టించుకోలేదు. "క్లియర్ చెయ్యమంటావా అని అడుగుతోందండి."

డిస్కులు నిండుగా ఉన్నాయి కదా, అయితే చెరపమనేది కార్డు సొంత చిట్టానే అయి ఉంటుంది, ఇన్ని రోజులుగా అరిచిన అరుపులన్నీ రాసుకుని ఉంటుంది, దాన్ని తుడవమంటావా అని అడుగుతోంది అనుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

"కొట్టేయండి. యూపీఎస్ ఆగేలోపు కానిచ్చేయండి."

"కొట్టేయమంటారాండి?"

"కొట్టేయండమ్మగారూ, ఆలోచించకండి."

నేను వెనక్కి వాలి చెమట తుడుచుకున్నాను. ఎదుటి పెద్దావిడ ముందుకు వంగింది.

"ఎవరింట్లో బాబూ, బియ్యం నిండుకున్నాయి?"

"బియ్యం కాదండి. కంప్యూటరు డిస్కులు. నిండుగా ఉన్నాయంట."

"నిండుగా ఉంటే నిండుగా ఉన్నాయంటారు. నిండుకున్నాయంటే అయిపోయాయని కదా. ఇంట్లో లేవు అనకూడదని అలా అంటాం. మీ అమ్మ చెప్పలేదేంటి?"

డిస్కుల మీద పాఠాలు ఉండి, కార్డుకి మాత్రం ఖాళీగా కనబడుతుంటే, క్లియర్ అంటే ఏంటో నాకు తెలుసు. ఏ పాఠం ఏ డిస్కులో ఎక్కడ మొదలవుతుందో రాసిన లెక్కని చెరిపేయడం. డబ్బున్న కంపెనీలకైతే తిరిగి వెతికించే దారులుంటాయి. ఆ బడికి నేనే దారి. ఆ దారే ఇప్పుడు కొట్టేయమని చెప్పింది.

"అమ్మగారూ! నొక్కకండి! నొక్కేశారా?"

రైలంతా నావైపు తిరిగింది. "అమ్మగారూ!"

"ఉన్నానండి," అన్నారు. "ఇంకా చదువుతున్నానండి. పైన నాలుగు వాక్యాలున్నాయి, మూడోదాంట్లో ఉన్నాను. చదవకుండా ఎలా నొక్కుతానండి?"

నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా చెబుతున్నాను, నిజంగా వచ్చింది.

"గట్టిగా చదవండి. ఒక్క ముక్క వదలకుండా చదవండి."

ఆవిడ ఇంగ్లీషులో ఉన్నదంతా కూడబలుక్కుని, మాట మాటకీ ఆగుతూ చదివారు. ఫారిన్ కాన్ఫిగరేషన్ దొరికింది అని ఉంది. "మన డిస్కులే కదండీ, ఫారినేంటండి?" అని మధ్యలో అడిగారు. కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కాక కార్డు తన డిస్కులను తానే గుర్తుపట్టక, ఎక్కడి నుంచో వచ్చినవనుకుంటోంది. అంతే. వాటిని తుడవకూడదు, తనవిగా చేర్చుకోమని చెప్పాలి.

"క్లియర్ పక్కన ఇంపోర్ట్ అని ఉందాండి?"

"ఉందండి."

"అది నొక్కండి."

"ఇంపోర్ట్. ఐ, ఎం, పి, ఓ, ఆర్, టి," అని చదివి నొక్కారు. యూపీఎస్ అరుపు తెరిపి లేకుండా సాగింది. దాని కడపటి నిమిషాలు అలాగే ఉంటాయి. నేను కళ్ళు మూసుకున్నాను. ఎదుటి పెద్దావిడ కూడా ఎందుకో కళ్ళు మూసుకుంది.

"వచ్చాయండి. నాలుగూ వచ్చాయి," అన్నారు. అంతలో అవతల ఫ్యాను తిరగడం మొదలైన చప్పుడు వినిపించింది. అరుపు ఆగింది. "కరెంటు కూడా వచ్చిందండి."

రైలు ఒక్క కుదుపు కుదిపి కదిలింది. ఫోను పెట్టేయబోతుంటే ఆవిడ ఆగమన్నారు. "నిండుకున్నాయంటే మంచిదన్నారు. మీకు తెలిసే అని ఉంటారనుకున్నానండి. ఏదైనా ఒకటి వేసి చూస్తాను, ఉండండి."

తరవాత స్పీకరులోంచి ఒక గొంతు వచ్చింది. నిండైన గొంతు. తొందర లేదు, తడబాటు లేదు. "ఎనిమిదో తరగతి, భౌతిక శాస్త్రం. నూట పన్నెండో పేజీ. బొమ్మలో ఎడమ పక్కన ఒక గంట వేలాడుతోంది. దాని చుట్టూ గీసిన గీతలు శబ్దాన్ని చూపిస్తున్నాయి." ఎక్కడో దూరంగా రైలు కూత వినిపించింది. గొంతు ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది. "బొమ్మలో ఎడమ పక్కన ఒక గంట వేలాడుతోంది."

"ఎవరు బాబూ ఈవిడ, ఎంత బాగా చదువుతోంది," అంది ఎదుటి పెద్దావిడ.

ఫోను ఆవిడ వైపు తిప్పాను. ఆ కణితి లేచిన ఏడు క్రిస్మస్ ముందు బడికి వెళ్ళినప్పటి సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఆపరేషన్ అయ్యాక ఆవిడని చూడడం అదే మొదటిసారి. మర్యాదకి అడిగాను, గొంతెలా ఉందండీ ఇప్పుడు, అని. "నిండుకుందండి," అన్నారు. "చాలా సంతోషమండి," అన్నాను, కోలుకుంటోందనుకుని నవ్వుతూ. ఆవిడ నన్ను కాసేపు చూసి, ఆవిడ కూడా నవ్వి, టీ తెప్పించారు.

ఫోనులో పాఠం సాగుతోంది. దాని మీదుగా గరగరమంటూ గుసగుస వచ్చింది.

"వినబడుతోందాండి?"

"ఇప్పుడు వినబడుతోందండి," అన్నాను.